కౌన్సెలర్ చదువులో కులం ఎక్కడ?

ఇంటర్న్‌షిప్‌లో నాకు అప్పగించిన మొదటి కేసు ఏడో తరగతి పాప. లంచ్ బెల్ కొట్టగానే క్యారేజీ తీసుకుని మెట్ల కిందికి వెళ్లి ఒక్కతే తింటోందని క్లాస్ టీచర్ రాసి పంపారు. 'ఆత్మవిశ్వాసం తక్కువ, నలుగురిలో కలవదు, సోషల్ స్కిల్స్ నేర్పించాలి' అని నా సూపర్‌వైజర్ అప్పటికే నిర్ణయించేశారు. రెండుసార్లు కూర్చోబెట్టినా పాప నోరు విప్పలేదు. మూడోసారి బొమ్మ గీస్తూ తల ఎత్తకుండానే చెప్పింది: "మీరేమట్లు అని అడిగింది మేడమ్. చెప్పాను. తర్వాత్నుంచి నా కూర వేసుకోవట్లేదు."

అంతకుముందు ఆ ఇద్దరూ రోజూ కూరలు మార్చుకుని తినేవాళ్లు.

ఆ మాట రాయడానికి నా కేసు ఫారంలో గడి లేదు. తండ్రి వృత్తి, కుటుంబ ఆదాయం, నిద్ర, ఆకలి, మార్కులు, అన్నింటికీ గడులున్నాయి. కులం ఊసు లేదు. గురుకులంలో చదువుకుని, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న నాకు ఆ పాప చెప్పింది ఒక్క క్షణంలో అర్థమైంది. కానీ నేను నేర్చుకున్న చదువు దాన్ని అర్థం చేసుకోవడానికి ఏ పనిముట్టూ ఇవ్వలేదు.

మన దేశంలో స్కూల్ కౌన్సెలర్ కావడానికి ఒకే దారంటూ లేదు. కొందరు సైకాలజీలో ఎం.ఏ. చేసి వస్తారు. కొందరు ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా చేస్తారు. అది ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. దక్షిణాది వాళ్లకు కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. క్లినికల్ సైకాలజిస్టుకైతే 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బడి కౌన్సెలర్‌కు అలాంటి కొలమానం లేకపోవడంతో వారాంతపు సర్టిఫికెట్లు అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు.

ఈ దారుల్లో నిజమైన వడపోత ప్రవేశ పరీక్ష దగ్గర జరగదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ దగ్గర జరుగుతుంది. నెలల తరబడి నగరంలో గది అద్దె కట్టుకుని, ఉచితంగా పనిచేసి, ఆ గంటలు లెక్క చూపించాలి. డిగ్రీ అయిపోయింది, జీతం ఎప్పుడు పంపుతావని ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మానాన్నలున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. నాతో మొదలుపెట్టిన ఇద్దరు స్నేహితురాళ్లు అలాగే ఆగిపోయారు. ఆ తర్వాత భాష. రిపోర్టులన్నీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. మన పిల్లలేమో 'డిప్రెషన్' అనరు. "అన్నం సయించట్లేదు", "గుండె దడదడలాడుతోంది", "బడికి పోబుద్ధి కాదు" అంటారు. ఆ మాటల్లో బాధను పట్టుకోవడం నాకు ఏ తరగతిలోనూ నేర్పలేదు.

పాఠ్యాంశాల సంగతీ అంతే. రోజర్స్ చెప్పిన బేషరతు ఆదరణ గురించి రోజుల తరబడి చదివాం. కులం మాత్రం 'ప్రతికూల సామాజిక నేపథ్యం' అనే మాట చాటున ఒకసారి కనబడి మాయమైంది. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్ననాటి బడి గురించి రాశారు. కూర్చోవడానికి గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకోవాలి. ప్యూన్ వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది. ఆ పిల్లవాడు ఇవాళ మా గదికి వస్తే ఏం రాస్తాం? 'ముభావి, ఆత్మన్యూనత ఉంది' అనే కదా! క్లాసుకు పట్టిన జబ్బుకు పిల్లవాడికి మందు వేస్తాం.

"కౌన్సెలర్ తటస్థంగా ఉండాలి, నువ్వు ప్రతిదాంట్లో కులం చూస్తున్నావు" అని నన్ను హెచ్చరించారు. అందులో కొంత నిజముంది. మరో దళిత బాలుడి మౌనాన్ని నేను తొందరపడి కులం లెక్కలో వేశాను. తీరా చూస్తే వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంది. కాబట్టే అంటున్నాను, నాలాంటి వాళ్ల అనుభవం ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి. కులం ఎక్కడ పనిచేస్తోందో, ఎక్కడ లేదో అడిగి తెలుసుకోవడం నైపుణ్యం. అసలు అడగకపోవడం తటస్థత అనిపించుకోదు.

ఇప్పుడే ఎందుకు ఈ మాట? విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. అణగారిన నేపథ్యాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. మన 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో చిత్రలేఖనానికి, వ్యాయామానికి పార్ట్‌టైమ్ బోధకులున్నారు కానీ కౌన్సెలర్ లేరు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో ఈ పోస్టు ఉంది. అంటే చేయాలనుకుంటే చేయవచ్చు. తీర్పును అమలు చేసే పేరుతో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాలు జరిగితే రోస్టర్ ఉండదు, రిజర్వేషన్ ఉండదు. మన పిల్లల గోడు వినే కుర్చీలో మళ్లీ మన గోడు తెలియనివాళ్లే కూర్చుంటారు.

అందుకే మూడు విషయాలు అడుగుదాం. కౌన్సెలింగ్ కోర్సుల్లో కుల వివక్షను ఒక పూర్తి పేపరుగా, సూపర్‌విజన్‌లో చర్చించాల్సిన అంశంగా పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు ఇంటర్న్‌షిప్ కాలానికి స్టైపెండ్ ఇచ్చి, తెలుగులో కేసు రిపోర్టు రాయనివ్వాలి. సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాలతో మొదలుపెట్టి, రోస్టర్ ప్రకారం శాశ్వత పోస్టులు సృష్టించాలి. సైకాలజీ, విద్యాశాఖల్లో ఉన్న అధ్యాపకులు మొదటి దాన్ని ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు.

నా ఇంటర్న్‌షిప్ ముగిసే నాటికి ఆ పాప ఇంకా మెట్ల కిందే తింటోంది. ఆ క్లాసు మొత్తంతో మాట్లాడతానంటే యాజమాన్యం ఒప్పుకోలేదు. 'పురోగతి ఉంది' అని రాసి ఫైలు మూసేయమన్నారు. ఫారంలో గడి లేదు కాబట్టి కాగితం వెనక్కి తిప్పి, పాప చెప్పిన మాటను చెప్పినట్టే తెలుగులో రాసి సంతకం పెట్టాను.