పొలంబడిలో పెన్సిలు ఎవరి చేతిలో ఉండాలి?

నల్లరేగడిలో పుట్టి పెరిగినోళ్లం, పత్తి, మిరప గురించి మాకొకరు పాఠం చెప్పాలా అని పర్చూరు ప్రాంతంలో మీరు అడగొచ్చు. సబబే. కానీ పొలంబడి పాఠం చెప్పించుకునే బడి కాదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు కూర్చుని వింటే దాన్ని మీటింగు అనాలి.

ఈ బడి 1989లో ఇండోనేషియా వరి చేలల్లో మొదలైంది. అక్కడ మందు కొట్టేకొద్దీ సుడిదోమ పెరిగింది. దాంతో 1986లో ఆ దేశ ప్రభుత్వం వరిలో 57 మందులను నిషేధించింది. ఆ తర్వాత చేను చూసి నిర్ణయం చేసుకోవటం రైతుకు అలవాటు చేయాలని ఈ బళ్లు పెట్టారు. పత్తికీ ఇదే పద్ధతిలో 1999లో ఒక కార్యక్రమం మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆరు ఆసియా దేశాల్లో నడిపిన ఆ కార్యక్రమంలో మన రాష్ట్రమూ ఉంది.

పత్తికి ఎందుకో మనకు వేరే చెప్పాలా? 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. అప్పటికి పర్చూరు ప్రకాశంలోనే ఉంది, బాపట్ల జిల్లాలోకి వచ్చింది 2022లో. అప్పులు తీర్చే దారి లేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొట్టటంతో దోమను తినే పురుగులు చచ్చాయి, దోమ మిగిలింది.

ఇప్పుడు బడి సంగతి. పాతిక ముప్పై మంది రైతులు, వారానికొక పూట, విత్తనం నుంచి ఏరుళ్ల దాకా. ఐదేసిమంది జట్టుగా చేలోకి దిగి మొక్కలు చూస్తారు. ఆకు అడుగున పచ్చదోమ ఎంత, అక్షింతల పురుగులు ఎన్ని, సాలీళ్లు ఎన్ని, నేలలో పదును ఉందా లేదా, అన్నీ లెక్కేస్తారు. గట్టు మీదికొచ్చి పెద్ద కాయితం మీద మధ్యన మొక్క, ఒక పక్క శత్రు పురుగులు, రెండో పక్క మిత్ర పురుగులు బొమ్మ గీస్తారు. ఈ వారం మందు కొట్టాలా వద్దా అని అప్పుడు వాదులాట. చదువు రానివాళ్లకూ అడ్డం లేదు, బొమ్మే కదా! అనుమానం ఉంటే పేనుబంకనీ అక్షింతల పురుగునీ ఒకే సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, తెల్లారి చూస్తారు. కొన్ని మొక్కలకు కావాలనే కాస్త గూడ తుంచి, పత్తి ఎంతవరకు తట్టుకుంటుందో కూడా చూస్తారు. రెండు గూడలు రాలగానే మందుల కొట్టుకు పరిగెత్తే మనకు ఈ పరీక్ష ఒక్కటి చాలు.

నా ఫిర్యాదల్లా ఒకటే. చాలాచోట్ల బ్యానరు కట్టి, ఫొటో దిగి, టీ తాగి లేవటమే పొలంబడి అయిపోయింది. బొమ్మ గీసేది కూడా వచ్చిన ఉద్యోగే. ఆయన్ను అని లాభం లేదు, ఆయన నెత్తిన సవాలక్ష పనులు. మనం అడక్కపోవటం మన తప్పు.

2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఏం చేశాం? పక్కచేలో ఏది కొడితే అదే కొట్టాం, రెండు మూడు మందులు కలిపి మరీ. అదుపు లేకుండా కొట్టొద్దు, నీలి జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి అని శాస్త్రవేత్తలు చెప్పారు. వారం వారం పూత విదిల్చి చూసుకునే అలవాటు ఊళ్లో పదిమందికి ఉంటే ఆ మాట చెవికెక్కేది.

అందుకని రైతు సేవా కేంద్రంలో గట్టిగా అడగండి. బడి నారుమడి దగ్గరే మొదలుపెట్టమనండి, పూత మీద పురుగు పడ్డాక కాదు. ఒక మడి మామూలు పద్ధతిలో, ఒక మడి బడి పద్ధతిలో వేసి, రెంటి ఖర్చూ రాబడీ రాయించండి. మందులు అమ్మేవాళ్లను ఆ పూట గట్టు మీదికి రానీయొద్దు. కలుపు తీసే ఆడవాళ్లకు మొక్క మనకంటే ఎక్కువ తెలుసు, జట్టుకిద్దరైనా ఉండాలి. ఇక కౌలుదారులు. పాసు పుస్తకం ఉన్నాయన ఒంగోల్లో ఉంటాడు, చేను చేసేది ఈయన. జాబితాలో మాత్రం ఆయన పేరు! ఆ పేరు ముందు మార్పించండి.