చిన్నాయన కంప్యూటర్‌కి ఏ యాంటీవైరస్?

సంక్రాంతికి తోటపల్లి గూడూరు వెళ్తే చిన్నాయన నన్ను నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "ఏంది అబ్బయా ఇది, రోజూ డబ్బులు కట్టమంటా ఉండాది?"

స్క్రీన్ మూలన ఎర్ర డబ్బా. యాంటీవైరస్ గడువు అయిపోయింది, వెంటనే రెన్యూ చేయమని. కంప్యూటర్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ట్రయల్ అది. ఆయన భయం వైరస్ గురించి కాదు. రొయ్యల గుంటల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి: సీడ్ ఎప్పుడు వదిలారు, మేత బాకీ ఎంత, పట్టుబడిలో ఏ కౌంట్‌కి ఎంత వచ్చింది. నాలుగేళ్ల లెక్కలు, ఒక్కటే కాపీ.

కట్టొద్దన్నాను. విండోస్ 10, 11లో డిఫెండర్ ముందే ఉంటుంది. 2012లో విండోస్ 8తో ఇది పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ పరీక్షల్లో డబ్బులు పెట్టి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది. బయటి యాంటీవైరస్ వేస్తే పక్కకి తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది. అందుకే గడువు తీరినదాన్ని అలాగే ఉంచకుండా అన్‌ఇన్‌స్టాల్ చేసేశాను.

మరి డబ్బులు కడితే ఏమొస్తుంది? వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, పిల్లల మీద నిఘా, ఫోన్ చేస్తే పలికే మనిషి. ఇవి కావాలంటే కొనండి, తప్పేం లేదు. బయటి ఫ్రీ యాంటీవైరస్‌ల దగ్గరే నాకు అనుమానం. యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్మిందన్న అభియోగం మీద, 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌ని 1.65 కోట్ల డాలర్లు కట్టమంది.

డిఫెండర్‌కీ ఒక లోపం ఉంది. నెట్ ఉన్నప్పుడు మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి పని చేస్తుంది కాబట్టి, నెట్ లేనప్పుడు కాస్త వీక్. చిన్నాయనకి నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. పైగా జిరాక్స్ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లు వస్తుంటాయి, ఎన్ని కంప్యూటర్లు తిరిగొచ్చాయో దేవుడికే తెలియాలి. హాట్‌స్పాట్ ఆన్ చేశాకే పెన్‌డ్రైవ్ పెట్టమన్నాను. అసలు నెట్టే లేని కంప్యూటరైతే మాత్రం, ఆఫ్‌లైన్‌లో బాగా పట్టే పెయిడ్ యాంటీవైరస్ కొనమనే చెప్పేవాడిని.

ఏది వేసినా, విండోస్ అప్‌డేట్లు ఆపేస్తే లాభం లేదు. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై గుర్తుందా? ఫైళ్లకి తాళం వేసి 300 డాలర్లు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది. చాలామంది వేసుకోలేదు, అంతే. ఇక క్రాక్ విండోస్ కోసం "ఒక్క నిమిషం యాంటీవైరస్ ఆపు" అనే ఫ్రెండ్ ఉంటే, వాడికి కంప్యూటర్ ఇవ్వకండి.

చివరగా విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేశాను. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్‌లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్లని మార్చలేవు.

రెన్యువల్‌కి పెట్టాలనుకున్న డబ్బులకి ఇంకొంచెం కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనిపించాను. పట్టుబడి అయిన ప్రతిసారీ లెక్కలు కాపీ చేసి, వెంటనే కేబుల్ పీకెయ్యమన్నాను. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. ఇప్పుడది బీరువాలో, పొలం పాసుపుస్తకాల పక్కన ఉంది.