ఓడిన రోజు చేతిలో ఏం మిగులుతుంది?



రాత్రి భోజనాల దగ్గర మీ అబ్బాయి "నాన్నా, నేను పోకర్ ప్లేయర్ అవుతాను" అన్నాడనుకోండి. చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. నాన్న కేకలేస్తారు, అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఫోన్ బీరువాలోకి వెళ్తుంది. మాట అక్కడితో ఆగిపోతుంది. ఆలోచన మాత్రం పిల్లాడి బుర్రలోంచి పోదు.

మొన్న సంభావ్యత పాఠం అయ్యాక ఇంటర్ విద్యార్థి ఒకడు నన్ను అడిగాడు: "సార్, జేఈఈ పది లక్షల మందికి పైగా రాస్తారు. ఐఐటీ సీట్లు 18 వేలు. అది కూడా జూదమే కదా? మరి పోకర్ ఆడితే తప్పేంటి?" నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత ఆలోచించి తేల్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక మనవి. "అదంతా అదృష్టమేరా" అని కొట్టిపారేయకండి. అది పూర్తిగా నిజం కాదు, ఆ సంగతి పిల్లలకు తెలుసు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టే రమ్మీలో నైపుణ్యానిది పైచేయి అని, మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమని చెప్పింది. పోకర్‌లోనూ లెక్క ఉంది, ఓర్పు ఉంది, ఎదుటివాడి మనసు చదవడం ఉంది. ఒప్పుకోండి. అప్పుడే మీరు చెప్పే మిగతా మాటలు వింటాడు.

నైపుణ్యం ఉన్నంత మాత్రాన దారి తెరిచి ఉన్నట్టు కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మరి దొంగచాటు యాప్‌లో గెలిచిన డబ్బు చేతికి రాకపోతే మీవాడు ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? గోవా క్యాసినోలు ఉన్నాయిగా అంటాడేమో. 21 ఏళ్లు నిండనిదే అక్కడ అడుగు పెట్టనివ్వరు. తన సొంత ప్రజలను క్యాసినోల్లోకి వెళ్లకుండా 2020లో గోవా ప్రభుత్వమే ఆపింది. ఎందుకు ఆపిందో పిల్లాడినే ఆలోచించమనండి.

ఇక లెక్కకు వద్దాం. పోకర్‌లో చేతికొచ్చే అత్యుత్తమ జత రెండు ఆసులు. ఎదుటివాడి దగ్గర రెండు రాజులు ఉన్నాయనుకుందాం. మిగతా ముక్కలు పడకముందు ఆసులవాడు గెలిచే అవకాశం నూటికి 82. ఇంత మంచి ముక్కలతో, ఏ తప్పూ చేయకుండా ఆడినా, అలా వరుసగా మూడుసార్లు గెలిచే అవకాశం నూటికి 55 మాత్రమే. అంటే బాగా ఆడేవాడు కూడా నెలల తరబడి నష్టపోవచ్చు. ఆ నెలల్లో ఇంటి అద్దె, కరెంటు బిల్లు ఆగవు. నష్టం వస్తున్నది తన ఆట బాగోలేకా, ముక్కలు పడకా అన్నది కూడా అతనికి అంత త్వరగా తెలియదు. అప్పులు మొదలయ్యేది అక్కడే.

పైగా ఈ ఆటలో కొత్తగా డబ్బు పుట్టదు. ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి మారుతుంది, మధ్యలో నిర్వాహకుడు తన వాటా తీసుకుంటాడు. అమెరికాలో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీనే చూడండి. ప్రవేశ రుసుము 10 వేల డాలర్లు, మన డబ్బులో ఎనిమిది లక్షల పైమాటే. 2024లో 10,112 ఎంట్రీలు వచ్చాయి. ఒక్క ముక్క పంచకముందే అందులో నూటికి 7 నిర్వాహకులకు పోయింది. బహుమతి దక్కింది 1,517 మందికి. విజేతకు కోటి డాలర్లు. యూట్యూబ్‌లో కనిపించేది ఆ ఒక్కడే. ఉత్త చేతులతో వెళ్లిన ఎనిమిదిన్నర వేల మంది వీడియోలు ఎవరు తీస్తారు? మన దేశంలో ఆడి గెలిచినా, ఆ సొమ్ముపై 30 శాతం పన్ను కట్టాలి. ప్రయాణం, హోటల్ ఖర్చులు అందులోంచి తీసేసుకునే వీల్లేదు.

ఈ సంగతి మన సీమవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం ఎంతమంది వంగి వెతుకుతారో చూస్తూనే ఉన్నాం. వజ్రం దొరికినవాడి పేరు పేపర్లో వస్తుంది. కూలి మానుకుని, సొంత ఖర్చులతో వారాల తరబడి వెతికి, నడుంనొప్పితో ఇంటికెళ్లినవాళ్ల పేర్లు రావు. కాలక్షేపానికి ఒకరోజు వెతకడం వేరు. దాన్నే బతుకుతెరువు చేసుకోవడం వేరు.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు నా జవాబు. ఏ దారైనా ఎంచుకునే ముందు గెలిస్తే ఎంత వస్తుందని కాదు, ఓడితే ఏం మిగులుతుందని అడగాలి. ఐఐటీ సీటు రాకపోయినా రెండేళ్లు నేర్చుకున్న లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడికీ పోవు. వేరే కాలేజీలో, వేరే ఉద్యోగంలో పనికొస్తాయి. పదేళ్లు పోకర్ ఆడి ఓడినవాడు దాన్ని ఏ ఉద్యోగ దరఖాస్తులో రాసుకోగలడు?

అయితే ఈ జవాబు నిజం కావడం మన చేతుల్లోనే ఉంది. "ర్యాంకు రాకపోతే నీ బతుకు ఇంతే" అని ఇంట్లో మనం, బడిలో మేము అంటూ ఉంటే, ఆ పిల్లాడు చెప్పిందే నిజమవుతుంది. చదువును జూదంగా మార్చింది మనమే అవుతాం. ఆ మాటలో నా వంతు తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

ఐపీఎల్ రోజుల్లో ఇంట్లో పందేల మాటలు, పండగ పూట డబ్బు పెట్టి పేకాట, పిల్లలకు తెలిసిన యూపీఐ పిన్ కూడా ఒకసారి చూసుకోండి. పిల్లలు మన ఉపన్యాసం కన్నా మన చేతలను ముందు చదువుతారు.

ముక్కల లెక్కలంటే నిజంగా ఇష్టపడే పిల్లలుంటే ఆ ఇష్టాన్ని చంపకండి. సంభావ్యత మీద నడిచే చదువులు చాలా ఉన్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్ ఉంది. బీమా సంస్థలకు నష్టభయం అంచనా వేసే యాక్చువరీ కోర్సు ప్రవేశ పరీక్ష ఇంటర్ తర్వాత రాయొచ్చు. మన తెలుగువాడైన సి.ఆర్.రావు గణాంకశాస్త్రంలోనే జీవితమంతా పనిచేసి, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు.

మళ్లీ భోజనాల దగ్గర ఆ మాట వస్తే కేకలేయకండి. కాగితం, పెన్ను తెచ్చి పక్కన కూర్చోండి. నెలకు ఇంటి ఖర్చు ఎంతో, వరుసగా ఆరు నెలలు ఓడితే అది ఎక్కడి నుంచి వస్తుందో మీవాడి చేతే రాయించండి. మీరు చెప్పాల్సింది చాలావరకు ఆ కాగితమే చెబుతుంది.