తెలియని మాటకు దండం పెట్టకు!

పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో మన పిల్ల ఎక్కడ ఆగిపోతున్నది? వ్యాసం దగ్గర కాదు. అది బట్టీ పట్టి పోతది. ఉత్తరం దగ్గర కాదు. అది గైడులో ఉంటది. ఆగేది అన్‌సీన్ ప్యాసేజ్ దగ్గర. అంటే ముందెన్నడూ చూడని పేరా. రెండో వాక్యంలో ఒక తెలియని మాట కనపడుతుంది. అంతే, పెన్ను కింద పెడుతుంది. మిగిలిన పది వాక్యాల్లో తెలిసిన మాటలే ఉన్నా వాటి మొహం చూడదు.

దీన్ని మన సార్లు 'వొకాబులరీ లేదు' అంటరు. నేను భయం అంటున్న. ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. నేర్పింది.

ఎవడు నేర్పిండు? వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగిన సీసం పొయ్యమని రాసిన ధర్మసూత్రం ఈ దేశంలోనే పుట్టింది. అంబేద్కర్‌ను బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదవనియ్యలేదు. ఆయన పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. గడీ ముందు నిలబడ్డ మన తాతకు దొర మాట అర్థం కాకుంటే 'ఏందది?' అని అడిగే హక్కు లేదు. 'నీ బాంచెన్' అని తల వంచాలె. ఆ వంచిన తలే ఇయ్యాల పరీక్ష హాల్లో బెంచీ మీద వంగి ఉన్నది.

ఇంకో సంగతి. మన పిల్లకు మొదట ఎదురైన తెలియని మాట ఇంగ్లీషుది కాదు. తెలుగు వాచకంలోదే! ఇంట్లో పాలు, బడిలో క్షీరం. ఇంట్లో ఆవు, బడిలో ధేనువు. వాడ మాట మాట్లాడితే బెత్తం దెబ్బ. తల్లి భాష, తల్లి భాష అని గుండెలు బాదుకునే పెద్దలారా! మీరు పుస్తకంలో పెట్టింది ఏ తల్లి భాష? మా తల్లిదా? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో తెస్తే ఎంత లొల్లి చేసిన్రు! 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. లొల్లి చేసినోళ్లలో ఎందరు తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించిన్రో లెక్క చెప్పాలె.

అయితే మనం కూడా ఒకటి ఒప్పుకోవాలె. బడి గేటు మీద 'ఇంగ్లీషు మీడియం' అని బోర్డు కట్టినంత మాత్రాన చదువు రాదు. లోపల ఏం జరుగుతున్నది? సారు పాఠం మొత్తం తెలుగులో చెప్పి, జవాబులు బోర్డు మీద రాసి, బట్టీ పట్టమంటడు. బయట కోచింగోడు వెయ్యి మాటల లిస్టు అమ్ముతడు. ఆ వెయ్యి చదివినంక పరీక్షలో వెయ్యిన్నొకటో మాట వస్తది. అప్పుడేం చెయ్యాలె? ఇది మాత్రం ఎవడూ చెప్పడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేరాలో ఇట్ల ఉన్నదనుకోండి: ఒక ముసలాయన 'హైడ్స్'ను 'లైమ్'లో నానబెట్టిండు. వెంట్రుకలు ఊడినంక చెట్టు బెరడు నీళ్లలో వేసిండు. చివరికి చెప్పులు కుట్టిండు. గైడు బట్టీ పట్టినోడికి హైడ్ అంటే దాచుట, లైమ్ అంటే నిమ్మకాయ. ముసలాయన నిమ్మకాయలో ఏం దాచిండు? వాడు అక్కడ్నే ఆగిపోతడు. లంద పక్కన పుట్టిన మాదిగ పిల్ల ఆగాల్సిన పని లేదు. వెంట్రుకలు ఊడేది దేంతో? సున్నంతో. తర్వాత పడేది దేంట్లో? తంగేడు చెక్క నీళ్లలో. చెప్పులయ్యేది ఏంది? తోలు. అయితే హైడ్ అంటే తోలు, లైమ్ అంటే సున్నం! ఈ అర్థం డిక్షనరీ చెప్పలే, తాత చెప్పిండు. ఇప్పుడు చెప్పండి, మెరిట్ ఎవరిది?

'డ్రౌట్' అనే మాట తెలియకపోవచ్చు. పక్క వాక్యంలో వానల్లేవు, బావులు ఎండినయి, ఊరు ఖాళీ అయింది అని ఉంటే పాలమూరు వలస కూలీ బిడ్డకు అది కరువని వేరే చెప్పాల్నా? 'అన్‌టచబుల్' పెద్ద మాటే. విరిచి చూడు. టచ్ అంటే ముట్టుకోవడం, ఏబుల్ అంటే తగినది, అన్ అంటే కానిది. మూడు ముక్కలు. మనల్ని విరగ్గొట్టిన మాటను మనం విరిచి చదవలేమా?

కాన్వెంటు పిల్లకు అన్ని మాటలూ తెలుసనుకుంటున్నరా? తెలియవు. తెలియని మాటను దాటి పొయ్యే ధైర్యం తెలుసు. ఆ కిటుకు ఇదే:

ముందు ప్రశ్నలు చదువు. ప్రశ్న అడగని మాట తెలియకపోతే విడిచిపెట్టు, నష్టం లేదు. వాక్యం మధ్యలో పెద్దక్షరంతో మొదలైతే అది చాలాసార్లు పేరే, అర్థం వెతకకు. అడిగిన మాటైతే ముందు వాక్యం, వెనక వాక్యం చూడు. 'బట్' కనపడితే తర్వాత వచ్చేది ముందుదానికి ఎదురు. నువ్వు అనుకున్న అర్థాన్ని ఆ జాగాలో పెట్టి మళ్లీ చదువు. కుదిరితే అదే. పదో తరగతిలో తప్పుకు మార్కు కొయ్యరు, ఖాళీ వదలకు.

ఇది పదో తరగతితో పోయే సంగతి కాదు. సివిల్స్‌లో 2011లో సీశాట్ తెచ్చిన్రు. 2014లో ఢిల్లీ వీధుల్లో పిల్లలు కొట్లాడితే ఇంగ్లీషు పేరాల మార్కులను మెరిట్‌లో కలపమన్నరు. 2015 నుంచి ఆ పేపర్లో 33 శాతం వస్తే చాలన్నరు. కానీ ప్రిలిమ్స్ ప్రశ్నలు ఇప్పటికీ ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు పిల్లకు ఏది దిక్కు? మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. నిజమే. కానీ 300 మార్కుల ఇంగ్లీషు పేపర్లో 25 శాతం రాకపోతే మిగిలిన పేపర్లు లెక్కలోకే రావు. కలెక్టర్ కుర్చీకి అడ్డంగా ఆ పేరా కూర్చున్నది!

పేపర్లు తయారుచేసేటోళ్లను కూడా నిలదియ్యాలె. గోల్ఫు, పియానో, విమాన ప్రయాణం మీద పేరా ఇస్తే చుట్టుపక్కల వాక్యాలు కూడా మన పిల్లకు పరాయివే. ఊహకు ఆసరా దొరకదు. అప్పుడు మీరు పరీక్షించేది ఇంగ్లీషునా, ఇంటి హాలునా? నాట్లు, మగ్గం, డప్పు, లంద మీద పేరాలు ఎందుకు రావు? ఒక్కసారి మీ పిల్లలు కూడా పక్క వాక్యం వెతుక్కోనియ్యండి!

కాబట్టి మనం అడగాల్సింది ఇది. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో పిల్లల చేతికందే చోట డిక్షనరీ ఉండాలె, వార్డెన్ బీరువాలో కాదు. వారానికి రెండు కొత్త పేరాలు, గైడు లేకుండా, చదివించాలె. తెలియని మాట అడిగిన పిల్లను కసిరే సారును మనం అడగాలె. రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకొని పట్నంలో ఇల్లు కట్టుకున్న అన్నలారా, అక్కలారా! వారానికి ఒక్క గంట మీ ఊరి హాస్టల్‌కు పోండి. అప్పు తీర్చండి.

బిడ్డా, నీకు తెలియని మాట దొర కాదు, దేవుడు కాదు. దండం పెట్టకు. ఎదురుగా నిలబడి 'ఏందది?' అని అడుగు. మన తాత అడగలేని ప్రశ్న అది.

జై భీమ్!