మందుల సంచిలో మన వాటా

మాఘమాసం వచ్చిందంటే మా తుళ్ళూరు పక్కల ఇళ్ళల్లో అటక మీది సంచులు కిందికి దిగుతాయి. శివరాత్రికి కోటప్పకొండకు నడిచి వెళ్ళేవాళ్ళు కొందరు. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరేవాళ్ళు మరికొందరు. అలిపిరి మెట్లెక్కే మొక్కు ఏడాది పొడుగునా ఎవరికో ఒకరికి వుంటూనే వుంటుంది. ఇక కాలేజీ పిల్లలు వీపుకు బ్యాగు తగిలించుకుని కొండవీడు కోట ఎక్కి, దాన్ని ట్రెక్కింగ్ అంటున్నారు. పేరేదైనా నడక నడకే. మోయగలిగినంత మూటతో, కాళ్ళను నమ్ముకుని ఒకటి రెండు రోజులు ఇల్లు వదిలి వెళ్ళడం.

ఎవరు నడిచినా సంచి సర్దేది మాత్రం మనమే. ఆయన బీపీ బిళ్ళలు, అత్తగారి మోకాళ్ళ నూనె, చంటాడి దగ్గు మందు, పెద్దాడి పడిశం బిళ్ళలు అన్నీ గుర్తుపెట్టుకుని పొట్లం కడతాం. ఒక్కసారి ఆ పొట్లం విప్పి చూడండి. పేరూ తేదీ వున్న వైపు కత్తిరించేసిన బిళ్ళల ముక్కలు రెండు, పోయినేడాది మిగిలిన సిరప్పు, చుట్ట చుట్టిన దూది, తలనొప్పి బామ్. అందులో దారిలో నిజంగా పనికొచ్చేవి ఎన్ని? అది కట్టిన మనిషి కోసం వున్నవి ఎన్ని? నా ఉద్దేశంలో ఈ రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు. దాదాపు ఏమీ లేవు.

2021 నవంబరు 1న మా వూరి నుంచే రాజధాని రైతులు తిరుపతికి మహాపాదయాత్రగా బయల్దేరి డిసెంబరు 14న అలిపిరి చేరారు. అందులో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో నడిచారు. దాని వెనుక రాజకీయం అందరికీ తెలిసిందే, ఇక్కడ దాని జోలికి పోను. నాకు గుర్తుండిపోయింది వాళ్ళ పాదాలు. పత్తి చేలల్లో, మిరప తోటల్లో జీవితమంతా నడిచిన కాళ్ళే తారురోడ్డు మీద బొబ్బలెక్కాయి. తిరిగొచ్చాక ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది: "మందులకేం కొదవ లేదమ్మాయ్. మగాళ్ళ మధ్య కాలు చాపి చూపించడానికే మొహమాటమేసింది. మంట పుట్టినప్పుడే ఓ పట్టీ నా దగ్గర వుంటే ఇంత దూరం వచ్చేది కాదు."

అసలు కిటుకంతా ఆవిడ మాటలోనే వుంది. ప్రథమ చికిత్స సామాను ఎక్కువుండటం కాదు, చేతికి అందేట్టు వుండాలి. వాడటం తెలిసివుండాలి. ఎవరినీ అడగకుండా తీసుకునేట్టుండాలి.

బజార్లో ఎర్ర ప్లస్ గుర్తేసిన పెట్టెలు రకరకాలు దొరుకుతున్నాయి. వంద వస్తువులున్నాయని అట్ట మీద గొప్పగా వేస్తారు. విప్పి చూస్తే సగం చిన్న పట్టీలే, మిగతా సగం మనకు వాడటం రానివి. ఎంచుకునేటప్పుడు అంకె చూడకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. మనం వెళ్ళే దారిలో జరగడానికి వీలున్నది ఏమిటి? జరిగితే మన చేతనయ్యేది ఏమిటి? ఆసుపత్రి ఎంత దూరంలో వుంది? ఈ మూడింటికీ నిలబడని వస్తువు బరువే తప్ప మందు కాదు. నలుగురు మనుషులు రెండు రోజులు నడవడానికి సరిపడా సామాను అర కిలో దాటనక్కర్లేదు. నీళ్ళు చొరబడని జిప్పు కవరులో, లోపలున్నది పైకి కనబడేలా వుంటే ఇంకా మేలు.

మొదట కాళ్ళు. చెప్పు రాసుకునే చోట వేడిగా, మంటగా అనిపించగానే ఆగి కాగితపు టేపు అంటించాలి. ఇంకో మైలు నడిచాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి బొబ్బ తయారు. చెమటకో వానకో తడిసిన పాదం మరీ తొందరగా లేస్తుంది కనుక పొడి మేజోళ్ళ జత ఒకటి అదనంగా వుండాలి. బొబ్బను చిదపకూడదు. దానంతటదే పగిలితే సబ్బుతో కడిగి గాజు గుడ్డ పెట్టి కట్టాలి. దూది నేరుగా పెడితే పుండుకు అతుక్కుపోతుంది. ప్రయాణం కోసమని కొత్త చెప్పులు కొనే అలవాటు మనకుంది. వాటితో నాలుగు రోజులు ఊళ్ళో తిరిగాకే దూరం నడవాలి.

అతికించే పట్టీ పుట్టింది కూడా ఓ ఇల్లాలి వంటింట్లోనే. 1920లో అమెరికాలో ఎర్ల్ డిక్సన్ అనే ఉద్యోగి, కూరలు తరుగుతూ తరచూ వేళ్ళు కోసుకునే భార్య జోసెఫిన్ తనకు తానే కట్టుకోగలిగేలా టేపు మీద గాజు గుడ్డ అమర్చి పెట్టాడు. అదే బ్యాండ్ ఎయిడ్ అయింది. 'ఎవరి సాయమూ లేకుండా తనకు తానే' అన్నదే దాని విలువ. పది పట్టీలు, నాలుగు గాజు ముక్కలు, రెండు చుట్టల కట్టు గుడ్డ, బెణుకులకు ఓ సాగే కట్టు, చిన్న కత్తెర, ముళ్ళు లాగే పట్టకారు, పిన్నీసులు, చేతి తొడుగుల జత చాలు. చెయ్యి విరిగితే మెడకు వేలాడదీయడానికి చున్నీ ఎలాగూ వుంటుంది. రక్తం ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు కదలకుండా అదిమి పట్టాలి. మధ్య మధ్య ఎత్తి చూడకూడదు.

సబ్బు ముక్కను మందుగా ఎవరూ లెక్కెయ్యరు. కొండల మీద కోతులూ, దారి పొడుగునా కుక్కలూ వుండే మన యాత్రల్లో దానికి మించిన మందు లేదు. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు పారే నీళ్ళలో సబ్బుతో కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి. కారం, పసుపు, సున్నం అద్దడం మానుకోవాలి. కట్టెల పొయ్యి దగ్గర చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెతలోనే బావుంటుంది.

తర్వాత నీళ్ళు. దారిలో తిన్నది పడక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మనిషి గంటల్లో వాడిపోతాడు. అప్పుడు కావలసింది ఓఆర్ఎస్ పొడి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టరు ఉప్పూ, గ్లూకోజూ కలిపిన నీళ్ళు పంచారు. రోగుల పక్కనున్న తల్లులూ, చెల్లెళ్ళే వాటిని తాగించారు. అంతకు ముందు నూటికి ముప్పై మంది చనిపోతున్న చోట నలుగురి లోపుకు తగ్గింది. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. సగం పొడి కలిపి సగం దాచకూడదు. కలిపిన నీళ్ళు ఒక రోజు దాటితే పారబోయాలి. ఆరు ప్యాకెట్లు పెట్టుకోండి. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసివుందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ పట్టు విడవకుండా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక ఆడమనిషి పట్టుదల దేశం మొత్తానికి పనికొచ్చింది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా! మనిషి తడబడుతూ మాట్లాడి, ఒళ్ళు కాలిపోతుంటే అది మామూలు జ్వరం కాదు, వడదెబ్బ. దానికి పారాసిటమాల్ పనిచెయ్యదు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. బిళ్ళల్లో జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్, దురదకూ దద్దుర్లకూ సిట్రిజిన్ చాలు. పిల్లలకు ఎంతివ్వాలో బరువును బట్టి డాక్టర్ని ముందే అడిగి కాగితం మీద రాసుకోవాలి. మిగిలిపోయిన యాంటీబయాటిక్కులు ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

సంచిలో మందు లేని ప్రమాదం ఒకటుంది. అది పాము కాటు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే సూది మందు, అదీ ఆసుపత్రిలోనే. పాము కాటుకని అమ్మే పీల్చే గొట్టాలు, గాటు పెట్టే బ్లేడ్లు కొనకండి. తాడు బిగించకండి. కరిచిన కాలికి మెట్టెలు, పట్టీలు వుంటే, చేతికైతే గాజులు, ఉంగరాలు వుంటే వెంటనే తీసెయ్యాలి. వాపొస్తే అవే నరకం చూపిస్తాయి. ఆ అవయవం కదలకుండా కర్ర దన్నుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్ళాలి. యాత్రల్లో నేల మీద పడుకుంటాం కదా, కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. తెల్లవారుఝామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే గాటు కనిపించకపోయినా పరుగెత్తాల్సిందే. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పొలాల్లో పాముకాట్లు ఎక్కువైనప్పుడు ఆసుపత్రికి చేరడం ఎంత ముఖ్యమో జిల్లా అంతా చూసింది. అందుకే బయల్దేరే ముందే దారిలో ఏ ఆసుపత్రిలో ఈ సూది మందు వుంటుందో కనుక్కోవాలి. అడవిలో ఫోన్‌కు సిగ్నల్ దొరక్కపోవచ్చు, ఆ వివరం కాగితం మీద వుండాలి.

చివరికి మన సంగతి. రోజూ వేసుకునే థైరాయిడ్ బిళ్ళో, షుగరు బిళ్ళో మన వాటాగా రెండు రోజులకు మించి పెట్టుకోవాలి. నెలసరి తేదీ ఎప్పుడైనా సరే ప్యాడ్లు వుండాలి. నడకకూ, కంగారుకూ తేదీలు తప్పడం మనకు కొత్త కాదు. వాటిని పెట్టుకోవడానికి ఇల్లాలికే మొహమాటమైతే కూతురికి ఎవరు చెబుతారు? మరో సంగతి. దారిలో చాటు దొరకదని చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. సంచిలో ఎన్ని మందులున్నా ఆ ఒక్క పనితో వడదెబ్బనూ, మూత్రంలో మంటనూ చేజేతులా పిలిచినట్టే. యాత్రలు నడిపించే పెద్దలు అన్నదానానికి పందిళ్ళు వేసినట్టే, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కూడా దారి పొడుగునా ఏర్పాటు చెయ్యాలి. ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

నడిచేవాళ్ళంతా మొక్కులకీ విహారానికీ నడవరు. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో మన గుంటూరు జిల్లా చేలకు వచ్చే కూలి తల్లులు వారాల తరబడి గుడారాల్లో వుంటారు. వాళ్ళ మూటలో ఈ అర కిలో సంచి లేదు. కోతకు పిలిచిన రైతు ఇంటి ఇల్లాలు ఇలాంటి సంచి ఒకటి కట్టి గట్టు మీద పెడితే ఎంత ఖర్చని! అందులో ఏముందో, ఎలా వాడాలో ఓ పది నిమిషాలు చెబితే ఎంత కష్టమని!

సంచి సర్దాక దాన్ని అడుగున తోసెయ్యకండి. పైనే పెట్టి, ఎక్కడుందో నలుగురికీ చెప్పండి. పదేళ్ళు దాటిన పిల్లలకు కట్టు కట్టడం నేర్పండి. ఎందుకంటే పడిపోయేది మనమే అయితే, ఆ సంచి విప్పాల్సింది వాళ్ళే.