మున్సిపల్ హాలు ఎవరిది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మూడు ఊళ్ళలోనూ మున్సిపల్ ఆఫీసు వుంది. తెల్లారకముందే ఆ ఊళ్ళ వీధులు ఊడ్చేది, మురికికాలవలు ఎత్తిపోసేది ఎక్కువమంది మనవాళ్ళే. మరి కౌన్సిల్ మీటింగు జరిగే హాల్లోకి మనం ఎన్నిసార్లు పోయినాం? పోయినా కుర్చీలో కూచున్నామా, గోడకానుకుని నిలబడినామా? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. నూరేళ్ళ నాటిది.

1953 దాకా మన ప్రాంతం మద్రాసు పాలన కిందిదే. ఆ పాలనలో మున్సిపల్ హాళ్ళకు పెద్దన్న మద్రాసులోని రిప్పన్ బిల్డింగు. 1909లో వైస్రాయి మింటో పునాదిరాయి వేసినాడు, 1913లో తెరిచినారు. స్థానిక స్వపరిపాలన కోసం 1882లో తీర్మానం చేసిన రిప్పన్ దొర పేరు పెట్టినారు. పేరుకు ప్రజల పాలనే. కానీ ఆనాటి ఓటు ఆస్తి వున్నవాడికి, పన్ను కట్టేవాడికి. సెంటు భూమి లేని మాల మాదిగలకు ఓటెక్కడిది? శిలాఫలకం మీద దొరల పేర్లుంటాయి, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లుండవు.

ఆ తలుపు దానంతటది తెరుచుకోలేదు. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించినాడు. బాటలు, బావులు, చెరువులే కాదు, ప్రజల పనులు జరిగే ఆఫీసులు, భవనాల్లోకి కూడా ఏ కులం వాళ్ళయినా పోవచ్చునని దాని సారాంశం. 1937లో జె. శివషణ్ముగం పిళ్ళై మద్రాసు మేయరయినాడు. దళితుల్లో ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు ఆయనే.

1945లో ఎన్. శివరాజ్ మేయరయినాడు. ఆయన 1892లో కడపలో పుట్టిన బిడ్డ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మన మదనపల్లె కూడా కడప జిల్లాలోదే. 1942లో అంబేడ్కర్ పెట్టిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్‌కు అధ్యక్షుడు ఈయనే. 1919లో టాగూరు మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషు చేసిన సంగతి పిల్లలకు గర్వంగా చెబుతాం, మంచిదే. శివరాజ్ సంగతి కూడా చెప్పాల గదా!

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. జనాభాను బట్టి మున్సిపాలిటీల్లో మనకు సీట్లు వచ్చినాయి. అందులో మూడోవంతుకు తగ్గకుండా మన ఆడవాళ్ళకే. కుప్పంలో 25 వార్డులకు తొలి మున్సిపల్ ఎన్నికలు జరిగింది 2021 నవంబరులో.

సీటు వచ్చింది, మాట వచ్చిందా? చాలా ఊళ్ళలో సీటు మనది, సంతకం మనది, నిర్ణయం మాత్రం పెద్దకులపు నాయకుడిది. మన ఆడబిడ్డ గెలిస్తే ఆమె కుర్చీలో ఇంకొకరు కూచుంటారు. ఇదేనా స్వపరిపాలన?

హాల్లో కూచుంటే కడుపు నిండుతుందా అని కొందరు ఎగతాళి చేస్తారు. నీళ్ళ పైపు ఏ వీధి దాకా రావాల, ఏ వాడకు కాలవ కట్టాల, కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు కూలి ఎప్పుడు ఇయ్యాల, ఇవన్నీ తేలేది ఆ హాల్లో కాదా? అక్కడ మనం నోరు మూసుకుంటే పైపు మన వాడ మొగదల్లోనే ఆగిపోతుంది.

కాబట్టి దళితవాడల్లో, అరుంధతివాడల్లో కూచుని మాట్లాడుకుందాం. మన వార్డుకు ఏమేం కావాల్నో కాగితం మీద రాసి కౌన్సిలర్ చేత హాల్లో చదివిద్దాం. మన పేరు మీద వచ్చిన నిధులు యాడ ఖర్చయినాయో 2005 సమాచార హక్కు చట్టం కింద లెక్క అడుగుదాం. గెలిచిన మన మనిషి వెనక వాడంతా నిలబడదాం. తలుపు పెద్దలు తెరిచిపెట్టి పోయినారు. లోపలికి పోయి కూచోవాల్సింది మనం.

జై భీం!