సమందర్‌లో కలిసిన నీళ్లు జాయా కాదు

ప్రతి వానాకాలం ఇదే మాట. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే టీవీలో లీడర్లు, చాయ్ బంకుల దగ్గర మనవాళ్లు, ‘ఇన్ని టీఎంసీలు సముద్రంపాలు, అంతా జాయా’ అని అఫ్సోస్ పడతారు. మా నూజివీడులో ఒక పెద్దాయన దీనికి హదీసు కూడా జోడించారు: పారే నది ఒడ్డున వుజూ చేసినా ఇస్రాఫ్ వద్దన్నారు కదా, మరి ఇదేంటని. కాదు చాచా. ఆ హదీసు మన చేతిలో చెంబు గురించి. ఇంకొకరి రిజ్క్ ఆపమని కాదు.

హంసలదీవి దగ్గర కృష్ణ ఒట్టి నీళ్లే తేదు. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా మోసుకొస్తుంది. విడిగా కంటికి ఆనని ఫైటోప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్నని నాచు అనుకోండి, వాటితోనే పెరుగుతుంది. అందులో డయాటమ్‌లనే రకం సిలికాతో గాజు గూడు కట్టుకుంటుంది. దాన్ని తినే చిన్న జీవాలు, కవళ్లు, ఆ వెనక పెద్ద చేపలు. మన దస్తర్‌ఖాన్ మీది మచ్లీ సాలన్ అక్కడ మొదలవుతుంది.

బంగాళాఖాతానికి ఈ ఖురాక్ మరీ అవసరం. గంగా, బ్రహ్మపుత్రల నీళ్లు, వాననీళ్లు తేలికవి కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి. అడుగునున్న పోషకాలు పైకి రావడం కష్టం. కృష్ణను ఆపితే ఆ మూత తొలగదు, మన తీరం తిండి మాత్రం తగ్గుతుంది.

వరద రోజునే నాచు పెరగదు లెండి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లాయి. అలాంటి బురదనీళ్లలో వెలుతురు దిగదు. మట్టి దిగి తేటపడ్డాకే, కాస్త దూరంగా, పచ్చబడుతుంది. ఏడాదికో సైలాబ్ వదిలి, మిగతా నెలలు గేట్లు బిగిస్తే హిసాబ్ తీరదు.

పైన శ్రీశైలం, సాగర్ ఒండ్రును ఆపేస్తాయి. సిలికా కూడా కొంత అక్కడే చిక్కుకుంటుంది. బదులుగా మనం పంపేదేమిటి? తోటల యూరియా, ఊళ్ల మురుగు. రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు కొల్లేరులోకి, అక్కడినుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి. సిలికా తగ్గి నైట్రోజన్ పెరిగితే డయాటమ్‌ల జాగాను వేరే రకాలు కబ్జా చేస్తాయి. కొన్ని విషం కక్కుతాయి. గుంపులుగా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పోతుంది. ఏదైనా నాచే కదా అనకండి. పీచుకాయ చూపించి చిన్నరసం అంటే మనం ఒప్పుకుంటామా?

సాగర్ నీళ్లు మన మెట్టకు రావాలని అడగడం మన హఖ్. నేనూ అడుగుతాను. అలాగని నాగాయలంకలో వల వేసేవాడి హఖ్‌కి జాయా అని పేరు పెట్టడం ఇన్సాఫ్ కాదు. ఈసారి మీటింగులో లీడర్ సాబ్ ‘వృథా’ అనగానే లేచి అడగండి: ఎండాకాలంలో హంసలదీవికి ఎన్ని టీఎంసీలు వదులుతారు?